విశాఖ గట్టున కురుసుర

మా వేంపల్లె ప్రక్కనే పాపఘ్ని యున్నను, వేసవిలో నందు ఇసుకయే గాని నీరు కానరాదు. అట్టి సీమవారమగు మేము విశాఖపట్టణమునకుఁ బోయి, రామకృష్ణా బీచి గట్టున నిలిపిన "కురుసుర" జలాంతర్గామిని చూచితిమి. సోవియట్ దేశమున నిర్మితమైన యీ నౌక 1969లో మన నౌకాదళమునఁ జేరి, 1971 యుద్ధమునఁ బాల్గొని, 2001లో విరమించినది. 2002 నుండి ప్రదర్శనశాల. పొడవు 91 మీటర్లు.

లోపల దారి మిక్కిలి యిఱుకు. గుండ్రని ద్వారములలో వంగి దూరవలెను. ఒకదానిపై నొకటి పడకలు, చిన్న వంటగది. అందు సుమారు 75 మంది వసించెడివారు. చుట్టును సముద్రమే, మంచినీరు మాత్రము కొలత ప్రకారమే, స్నానము అరుదు. బిందెలు లెక్కించి యిల్లు గడుపు మన సీమ స్త్రీల కీ సంగతి వేఱుగ వివరింప నక్కఱలేదు.

సోదరీమణులారా! అచటికిఁ బోయినప్పుడు పిల్లలకు ఆయుధములతోఁబాటు ఆ వంటగదినిఁ గూడఁ జూపి, నీటి విలువ తెలుపుఁడు.