పరాయి అంగడి కొసరు

ఆదివారమునాడు అబిడ్సులోని దుకాణములు మూతపడగా, వారమంతయు చీరలకును చెప్పులకును గడియారములకును కాపలా కాచిన ఆ ఇనుప తలుపుల ముంగిట, జనరల్ పోస్టాఫీసు చౌరస్తా మొదలుకొని గన్‌ఫౌండ్రీ దిక్కుగా కాలిబాటల పొడవునను పాతపుస్తకములు పరచుకొని కూర్చుండు వర్తకులను ఎరుగని చదువరి హైదరాబాదులో అరుదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు అంతరంగిక సేవకుడైన ఆల్బర్ట్ అబిద్ అను ఆర్మీనియను ఇచ్చట ఒక అంగడి పెట్టుటచేత ఈ పేటకు ఆతని పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. నిజాము పోయెను, అబిద్ పోయెను, ఆతని అంగడియు పోయెను. బేరము మాత్రము నిలిచినది.

ఈ శతాబ్ది తొలి దశాబ్దమున ఆ కాలిబాటలమీద, నవలలకును ఎంసెట్ గైడులకును నడుమ, ‘డిజిట్’ మొదలగు కంప్యూటరు మాసపత్రికల పాత సంచికలు దొంతరలుగా పడియుండెడివి. కొనవచ్చిన కుర్రవాడు పుటలు తిరుగవేయడు. పత్రికతోపాటు వచ్చిన సీడీ ఇంకను అందున్నదో లేదో మొదట తడిమి చూచును. ఉన్నచో బయటికి తీసి, నడిమి చిల్లిలో వ్రేలు దూర్చి, ఎండకు ఏటవాలుగా పట్టి గీతలు వెదకి, నోటి ఆవిరి పట్టించి చొక్కా అంచుతో తుడిచి, అప్పుడుగాని ధర అడుగడు. వర్తకుడును ఆ మర్మ మెరిగినవాడే కనుక సీడీ యున్న సంచికకు బేరము, లేనిదానికి తూకము.

ఆ సీడీలలో వైరసు మందులును, తెరకు అతికించు బొమ్మలును, ఎవరికిని అక్కరలేని సాఫ్టువేర్లును ఎన్ని యున్నను, కుర్రవాండ్ర కంటికి ఆనునవి డెమోలు మాత్రమే. ఒక ఆటలోని మొదటి ఘట్టమునో, పందెపు కార్లలో ఒకదానినో, కొద్ది నిమిషముల ఫుట్‌బాలునో చూపి, రక్తి కట్టు వేళకు తెర దించి, తక్కినది కొనుక్కొమ్మని చెప్పు మచ్చు సరకునకు డెమో అని పేరు. ఈ మర్యాద నిన్నమొన్న పుట్టినది కాదు. 1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ వారు ‘డూమ్’ అను ఆటను వెలువరించినపుడు మూడు భాగములలో మొదటిదానిని ఉచితముగ విడిచి, నకళ్లు తీసి నలుగురికి పంచిపెట్టుకొనుడని లోకమునకు అనుజ్ఞ యిచ్చిరి. రుచి మరిగినవారు పైకము పంపి తక్కిన రెండు భాగములను తెప్పించుకొనిరి. మచ్చు చూచి కొన్నవారున్నట్లే మచ్చు చూచి మానుకొన్నవారును కలరు. మచ్చుతోడనే తృప్తి చెంది, అదే పూర్తి ఆటయని నమ్మి వేసవి సెలవులన్నియు దానితో వెళ్లబుచ్చినవారు మా వీథిలోనే ఉండిరి. వర్తకులకు ఈ మూడవ తెగవారితోనే చిక్కు.

కాలక్రమమున మచ్చునకే వెల వచ్చినది. 2001లో కొనామీ వారు ‘జోన్ ఆఫ్ ది ఎండర్స్’ అను ఆటపెట్టెలో, అప్పటికింకను వెలువడని ‘మెటల్ గేర్ సాలిడ్ 2’ డెమో డిస్కును కూడ ఉంచగా, పెట్టె కొన్నవారిలో పలువురు అసలు ఆటను ప్రక్కకు నెట్టి ఆ డెమోనే ముందు ఆడిరి. ఒకదాని రుచి చూచుటకై మరియొకదానిని కొనుట అన్నమాట. ఇంత వచ్చిన తరువాత తక్కిన మెట్టు ఎక్కుట కెంతసేపు? ఒకదాని రుచి చూచినందుకు మరియొకదానిలో బహుమానము దొరకు రోజు రానేవచ్చినది.

2012 జనవరి 17న ‘కింగ్‌డమ్స్ ఆఫ్ అమలూర్: రెకనింగ్’ అను ఆట డెమో వెలువడినది. చచ్చి బ్రతికిన వీరుని కథ అది. శవముల గుట్టలో కన్నుతెరచి, గుహల గుండ దారి వెదకికొనుచు వెలుతురులోనికి వచ్చినంతనే ఆటగానికి 45 నిమిషముల గడువు మొదలగును. ఆ గడువులోపల అడవిలో ఎటు తిరిగినను, ఎవరితో కలహించినను అడ్డులేదు. డెమో ముగించినవానికి, మార్చి 6న రానున్న ‘మాస్ ఎఫెక్ట్ 3’ అను బొత్తిగా వేరైన ఆటలో రెండు వస్తువులు సిద్ధముగ నుండును: రెకనర్ నైట్ కవచమొకటి, చక్రములు రువ్వు తుపాకి యొకటి. ఫిబ్రవరి 14న ‘మాస్ ఎఫెక్ట్ 3’ డెమోయు రాగా, దానిని ఆడినవారికి ప్రతిగా అమలూరు లోకమున ‘మాస్ ఎఫెక్ట్’ కథానాయకుడు షెపర్డ్ కవచమును ఓమ్నీబ్లేడ్ బాకులును లభించినవి. మొదటిది వనదేవతలును మంత్రగాండ్రును తిరుగాడు అరణ్యములోని కథ. రెండవది నక్షత్రముల నడుమ ఓడలు నడుపుకొనుచు జరుగు మహాసంగ్రామము. ఇచ్చటి కత్తి అచ్చటను, అచ్చటి కవచము ఇచ్చటను ఎట్లు అమరునని అడుగువారు అప్పుడును లేరు, ఇప్పుడును లేరు.

ఆ చక్రముల తుపాకి మాత్రము నన్ను ఇప్పటికిని ఆకర్షించుచున్నది. అమలూరులో చక్రములు మంత్రవిద్య నేర్చినవారి ఆయుధములు. జంటగా విసరినచో శత్రువును తాకి తిరిగి చేతికి వచ్చును. శ్రీమహావిష్ణువు వ్రేలిమీద చూచియు, నిహంగ్ సిక్కుల ఎత్తైన నీలి తలపాగాలకు చుట్టిన ఉక్కు వలయములలో చూచియు మనకు చిరపరిచితమైన ఆయుధము, అమెరికాలో మేరీలాండు కళాకారులు తీర్చిన ఆటలో వెలసి, అచ్చటనుండి కెనడాలోని బయోవేర్ వారి అంతరిక్ష యుద్ధమునకు తుపాకి గుండై తరలిపోయినది. శిశుపాలుని శిరస్సు ఖండించిన దానికి ట్రిగ్గరు అమర్చినవాడు ఎవడో గాని, రసికుడే.

ఈ ఏర్పాటులోని వర్తకము గ్రహించుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. అమలూరు కొత్త పేరు. దానిని ఎరిగినవారు లేరు. ‘మాస్ ఎఫెక్ట్’ మూడవ భాగము కొరకు లోకమంతట లక్షలమంది వేచియుండిరి. రచించిన సంస్థలు వేరైనను రెండింటిని ప్రచురించినది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఒక్కటే. పేరుపడినదాని కొరకు కాచుకొన్న జనమును ఒక కవచము చూపి పేరుపడనిదాని వాకిట నిలువబెట్టుట వారి యుక్తి. కవచము ఇచ్చుటకు ఖర్చేమి? అచ్చువేయనక్కరలేదు, రవాణా లేదు, గిడ్డంగి లేదు. ఆటగాని పేర తెరచిన ఖాతాలో ‘వీడు డెమో ముగించినవాడు’ అని ఒక గుర్తు పడును. రెండవ ఆట తెరచినపుడు అది ఆ గుర్తును చూచి కొట్టు తలుపు తీయును. అంతయు అంతియే.

అంతియేగాని, అబిడ్సు పరిసరముల కుర్రవాండ్రకు దానివలన కలిగిన చిక్కు సామాన్యము కాదు. ఆనాళ్లలో ఈ నగరపు సందులలో పూర్తి ఆటలే నకలు డిస్కులై, ఒక పూట భోజనపు ఖర్చునకు దొరకుచుండెను; ఆ విషయమున సచ్చరిత్రుడనని బోరవిరుచుకొను అర్హత ఆనాటి ఆటగాండ్రలో బహుకొద్దిమందికి కలదు. వేలు పెట్టవలసిన అసలు ఆట ఆ విధముగ వందలోపే చేజిక్కుచుండగా, దమ్మిడీ వెలలేని కొసరు మాత్రము ఎవని వద్దను దొరకలేదు. అది డిస్కులో లేదు. దూరాన ఎచ్చటనో ఉన్న సర్వరులో, ఒక్కొక్కని పేరుకెదురుగా వ్రాసియున్నది. నాంపల్లిలో మా మేనల్లుడు, అప్పుడు ఇంటరు చదువుచున్నవాడు, ఈ సంగతిని నాకు రెండు ముక్కలలో తేల్చిచెప్పినాడు: “మామా, గిది పైసలకు దొరకదు. మన పేరు మీద మనం ఆడితెనే వస్తది.” దొంగసరకు అంగడిలో అన్నియు చౌక, ఉచితమైనది తప్ప! అర్థశాస్త్రము చదివినవారు ఈ వింతను ఎట్లు వివరింతురో గాని, కొసరు కొరకై అసలును న్యాయముగ కొనవలెనను బుద్ధి మావానికి మొదటిసారి పుట్టినది అప్పుడే. పోలీసు దాడులకు సాధ్యము కానిది ఒక ఊహాకవచమునకు సాధ్యమైనది.

కాలము కూడ ముచ్చటగ కలిసివచ్చినది. ఆ రెండు డెమోలును వెలువడిన జనవరి, ఫిబ్రవరి మాసములే నాంపల్లిలో నుమాయిష్ జరుగు దినములు. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారి పూనికతో పబ్లిక్ గార్డెన్సులో మొదలై, తరువాత ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానమునకు మారిన ఆ ప్రదర్శనమునకు జనవరి 1 మొదలు ఫిబ్రవరి 15 వరకు అని వాడుక. ఆటలో 45 నిమిషములైతే ఇచ్చట 45 దినములని జనులనుకొందురు. కాశ్మీరు శాలువలు, లక్నో కుట్టుపనులు, అప్పడములంత వెడల్పు మిఠాయిలు ఎన్ని యున్నను నా కాళ్లు ఆగునది కూరగాయలు కోయు యంత్రము చూపువాని యెదుటనే. బల్లమీద క్యారెట్టు, ముల్లంగి, ఆలుగడ్డ, ఉల్లి వరుసగ పేర్చియుండును. వాడు చేతివంక చూడడు. మనవంకనే చూచుచు, దక్కనీలో గుక్కతిప్పుకొనక మాటలాడుచు, ఆలుగడ్డను మరతిప్పి తెగని తీగవలె చుట్లుచుట్లుగా సాగదీసి, దానిని హారమువలె పైకెత్తి చూపును. వెనుక బుట్టలో ప్రొద్దుటినుండి కోసినదంతయు గుట్టపడి వాడిపోవుచుండును. కొన్నవానికి చెక్కుతీయు కత్తి ముఫ్తు. గంటసేపు నిలబడి చూచి, ఇల్లాలి మొగము చూచి, చల్లగ జారుకొను నావంటివానికి ఏమియు లేదు. ఉండవలెనని నే నెన్నడు అనుకొనలేదు.

అట్టివాడు, “నా కోత కడదాక చూచినవారు ఆ చివరి కొట్టులో శాలువ కొన్నచో దానికి జరీ అంచు ఊరక వేసియిత్తురు, పొండు” అని ప్రకటించినచో ఎట్లుండును? వాని యెదుట జనము విరగబడును, సందేహము లేదు. కాని వారిలో క్యారెట్టు వంక చూచువా డెవడు? ప్రతివాడును గడియారము చూచుకొనుచుండును. ఈ పద్ధతిపై నాకు గల ఆక్షేపణ అదియే. మచ్చు చూపుట యనగా చూచువానికి తీరుపు చెప్పు అధికార మిచ్చుట. రుచింపనిచో మధ్యలో లేచిపోవు స్వాతంత్ర్యము అందులో ముఖ్యాంశము. కొసరు చూపి కూర్చుండబెట్టినపుడు వాడు రుచి చూచువాడు కాడు, కూలికి కూర్చున్నవాడు. మా మేనల్లుడు చేసిన పని ఇందుకు నిదర్శనము. గిగాబైట్ల కొలది డెమోను రాత్రంతయు నెట్టునుండి దింపుకొని, గుహలనుండి బయటపడి, గడువు గడియారము మొదలైనంతనే తన వీరుని ఒక చెట్టు క్రింద నిలువబెట్టి, ఇరానీ హోటలునకు పోయి ఉస్మానియా బిస్కత్తులతో చాయ్ త్రాగివచ్చినాడు. ఆ యడవి తీర్చుటకు చిత్రకారులు ఎన్ని రాత్రులు మేల్కొనిరో! చచ్చి బ్రతికిన వీరుడు చెట్టునీడన దిక్కులు చూచుచు నిలిచియుండగనే కవచము వచ్చి ఖాతాలో పడినది.

ఇట్టి పరాయి కొసరులు మరికొన్ని కలవు. ‘లెఫ్ట్ 4 డెడ్ 2’ను 2009లో ముందుగ కొన్నవారికి ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’లో బిల్లుగారి టోపీ వచ్చినది. 2016లో వచ్చిన పోకెమాన్ సన్ అండ్ మూన్ ప్రత్యేక డెమోలోని గ్రెనింజా పూర్తి ఆటలోనికి నడచివచ్చినది. అది ఒక ఇంటిలోని రెండు గదుల వ్యవహారము కనుక ఆక్షేపింపను. టోపీల సంగతి వేరు. ఆ టోపీల సంతయే ఒక ప్రత్యేక పురాణము, ఇచ్చట వలదు.

అమలూరు చరిత్ర మాత్రము చెప్పవలసియున్నది. దానిని నిర్మించిన 38 స్టూడియోస్ అను సంస్థకు స్థాపకుడు కర్ట్ షిల్లింగ్ అను ప్రఖ్యాత బేస్‌బాల్ క్రీడాకారుడు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రము ఆ సంస్థను తన గడ్డకు రప్పించుకొనుటకై 7.5 కోట్ల డాలర్ల ఋణమునకు పూచీపడినది. ఆట అమ్ముడుపోకపోలేదు, సంస్థ పెట్టుకొన్న వ్యయమునకు ఆ అమ్మకము చాలలేదు. 2012 మే నెలలో ఉద్యోగులందరిని ఒక్కమారుగా తొలగించి, జూనులో దివాలా పత్రము దాఖలు చేసిరి. ఆ భారము పన్ను కట్టు ప్రజలపై పడి, రాష్ట్రమున ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడచినవి. కొసరు పంచిన అంగడి అయిదు నెలలలో మూతపడినది. పుచ్చుకొన్నవారి కవచములు మాత్రము పరాయి ఆటలో చెక్కుచెదరక మెరసినవి.

2020లో టీహెచ్‌క్యూ నార్డిక్ వారు అమలూరును మెరుగుదిద్ది మరల వెలువరించిరి. మరుసటి యేడు మే నెలలో ‘మాస్ ఎఫెక్ట్’ మూడు భాగములును ‘లెజెండరీ ఎడిషన్’ అను పేర ఒక్క సంపుటముగ వచ్చినవి; ఒకప్పుడు ప్రచారార్థము పంచిన ఆయుధములును కవచములును కూడ అందు కలిపి, పైకమిచ్చిన ప్రతివానికి ఇచ్చివేసిరి. మా మేనల్లుడు ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగి. సంపుటము న్యాయముగనే కొన్నాడు. తన కవచము ఊరందరికి పంచిపెట్టినారని తెలిసి మండిపడి, ఆ రాత్రియే ఫోను చేసినాడు.

“మరి నా నలభై అయిదు నిమిషాల సంగతేంది మామా?”

“అండ్ల సగం చాయ్ హోటల్లనే కూసుంటివి గదరా” అంటిని.