ఊడిన బీడింగు

మా కారు ఎడమవైపు వెనక తలుపు మీద ఉండే నల్ల బీడింగు ఊడిపోయిన సంగతి పత్రికకు రాస్తానంటే మా ఆవిడ నవ్వింది. “ఇంజనుకు ఏమీ కాలేదు, బ్రేకులకు ఏమీ కాలేదు. రెండు మూరల ప్లాస్టిక్ పట్టీ గురించి ఎవరు చదువుతారండీ?” అంది. నిజమే. ఆ పట్టీ లేకపోయినా కారు నడుస్తుంది. కానీ అది ఊడిన రోజున నేను నడుచుకున్న తీరు ఒకటుంది. రాయాలనిపించింది దాని గురించే.

కారు 2011లో బ్యాంకు స్టాఫ్ లోను మీద కొన్నది. వెండి రంగు చిన్న బండి. కామర్సు చదివినవాణ్ని కనుక దాని విలువ నాకు బాగా తెలుసు. ఆదాయపు పన్ను లెక్క ప్రకారం ఏటా 15 శాతం చొప్పున తరుగుదల రాసుకుంటూ పోతే, 13 ఏళ్లకు కొన్న ధరలో ఎనిమిదో వంతు కూడా మిగలదు. అయినా ఆ బండి పైన ఒక గీత పడితే నా ఒంటి మీద పడ్డట్టే ఉంటుంది. లెక్కల పుస్తకంలో విలువ తగ్గేకొద్దీ పైమెరుగు మీద నా ధ్యాస పెరుగుతూ వచ్చింది.

మేము ఉండేది హోసూరులో. బ్యాంకులో అరవం, బెంగళూరు వెళితే కన్నడం, ఇంట్లో తెలుగు. మా వీధిలో ఆదివారం ఆదివారం కార్లు కడిగే కుర్రాడు ఒకడుండేవాడు. పంతొమ్మిదేళ్లుంటాయి. వాళ్లమ్మ ఊరి బయట గులాబీ తోటలో పూలు కోసే పనికి వెళుతుంది. మొదటి వారం అరవంలోనే మాట్లాడాడు. మా ఆవిడ నన్ను కాఫీకి పిలవడం విని, “మీరూ తెలుగోళ్లేనా?” అని మొహం వెడల్పు చేసుకున్నాడు. ఆ మరుసటి వారం నుంచి ఆమెను అత్తా అనేవాడు. నన్ను మాత్రం సార్ అనేవాడు. నెలకు 600 రూపాయలిచ్చేవాళ్లం.

2024 ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున నేను బయటికి వచ్చేసరికి బీడింగు నేల మీద పడి ఉంది. పక్కన కుర్రాడు తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. “నేను పీకలేదు సార్. తుడస్తా ఉంటే అదే వచ్చేసింది” అన్నాడు. నేను అరవంలో అందుకున్నాను. బాకీ కట్టనివాళ్లతో ఏ గొంతుతో మాట్లాడతానో ఆ గొంతుతోనే మాట్లాడాను. ఇంటి గుమ్మంలో, తెలుగు పిల్లవాడితో, తెలుగు వదిలేశానన్న సంగతి అప్పుడు నాకు తోచనే లేదు. వాడు రెండోసారి ఏదో చెప్పబోయి మానుకున్నాడు. ఆ నెల జీతంలో 300 పట్టుకుని మిగతా 300 చేతిలో పెట్టాను. మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఆదివారం రాలేదు.

బ్యాంకులో కౌంటరు దగ్గర నగదు తగ్గితే క్యాషియరును ముందు సంజాయిషీ అడుగుతాం. వోచర్లు తిరగేస్తాం, లెక్క మళ్లీ కూడతాం. ఇన్నేళ్ల సర్వీసులో విచారణ లేకుండా ఎవరి మీదా నేను తప్పు రాయలేదు. మా వాకిట్లో అదేదీ జరగలేదు.

బీడింగును నేనే అంటిద్దామని ఫాన్సీ షాపులో క్షణంలో అంటుకునే జిగురు ట్యూబు కొన్నాను. వెనక ఉన్న పాత టేపు మీదే నాలుగు చోట్ల చుక్కలు వేసి అదిమాను. మర్నాటికి చుక్కల చుట్టూ పెయింటు మీద తెల్లగా పొగచూరినట్టు మచ్చలు తేలాయి. ఆ జిగురు గట్టిపడ్డాక గాజులా పెళుసైపోతుంది. ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. తలుపు వేసిన ప్రతిసారీ అదురుతుంది. పెళుసు జిగురు ఇవన్నీ ఓర్చుకోలేదు. మూడు వారాలకు బీడింగు మళ్లీ ఊడింది. ఈసారి గోరంత పెయింటును కూడా వెంట తీసుకుపోయింది.

ఇక లాభం లేదని బెంగళూరు జె.సి. రోడ్డుకు పోయాను. కార్ల సామాన్ల దుకాణాలు బారుగా ఉండే వీధి అది. ఒక చిన్న కొట్టులో పెద్దాయన ఒకరు నా బీడింగు తీసుకుని ముందు చూడలేదు, తిప్పి వెనక చూశారు. నా జిగురు చుక్కలకు మధ్య పాత టేపు చెక్కుచెదరకుండా ఉంది. వేలితో రుద్ది, కన్నడంలో అన్నారు. బలవంతంగా లాగితే టేపులోని నురగ చిరిగిపోయి, సగం తలుపుకు, సగం పట్టీకి మిగిలేదట. ఇది చిరగలేదు, మొత్తంగా జారిపోయింది. పైన నున్నగా మైనం ఉంది. “పాలిష్ పెట్టిన బండి మీద ఎవరో అంటించారు” అన్నారు.

ఆ ఎవరో నేనే. 2022లో ఆయుధపూజకు ముందు ఒక ఆటో రాసుకుపోతే రెండువైపులా కొత్త బీడింగులు తెచ్చాను. మెకానిక్‌కు ఇచ్చే కూలి మిగులుతుందని నేనే అంటించాను. అంతకు ముందు సాయంత్రమే బండికంతా మైనం పాలిష్ పట్టించి ఉన్నాను. గంధం, కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కించి, బీడింగు ఎంత నీటుగా ఉందో అని మురిసిపోయాను. ఏడాదిన్నర పాటు అది మైనం మీద వేలాడింది. కుర్రాడి గుడ్డ తగిలిన రోజున వదిలింది.

కొట్టు పెద్దాయన చెప్పిన పద్ధతి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మిగిలిన పాత టేపును తల ఆరబెట్టుకునే మిషనుతో వెచ్చచేస్తే మెత్తబడుతుంది. దాని కింద నైలాన్ దారం రంపంలా ఆడిస్తే వదులుతుంది. ఇనుప బ్లేడు తలుపు దగ్గరకు రాకూడదు. జిడ్డును గుడ్డకు కొంచెం కిరసనాయిలు అద్ది తుడవాలి. కిరసనాయిలు కూడా నూనే కనుక తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వాలి. చివర సర్జికల్ స్పిరిట్‌తో తుడిచాక ఆ చోట వేలు కూడా పెట్టకూడదు. బీడింగు వెనక కూడా ఇలాగే శుభ్రం చేసి, కార్లకు వాడే రెండువైపుల నురగ టేపు వేయాలి. పక్క తలుపు పట్టీకి సమంగా కాగితం టేపుతో గీత కట్టుకుని, ఒక చివర నుంచి అదుముతూ పోవాలి. ఒకసారి తగిలితే మళ్లీ సర్దడానికి ఉండదు. అంటుకున్నట్టు వెంటనే కనిపిస్తుంది గానీ పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు పడుతుంది. అంతవరకూ నీళ్లు తగలనివ్వకూడదు. పోయిన పెయింటు చోట రంగు నంబరు చూసి టచప్ పెట్టాను. వెండి రంగు అతుకు అచ్చంగా కలవదు. దగ్గరికి వస్తే తెలుస్తుంది.

ఆ మూడు రోజులు గడిచాక కుర్రాడి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వాళ్లమ్మ తోట నుంచి అప్పుడే వచ్చింది, చేతుల నిండా ముళ్లు గీరిన గీతలు. కూర్చోమని స్టూలు వేసింది. నేను జరిగింది చెప్పి 300 రూపాయలు ఇచ్చాను. తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “దుడ్లు పోతే పోనీ సార్. నేను పీకలేదని పిల్లోడు చెప్తే మీరు ఇనలేదు కదా, దానికే ఆ దినం అన్నం తినలేదు” అంది. నాకు జవాబు తోచలేదు. కుర్రాడు వాటర్‌వాష్ షెడ్డులో పనికి కుదిరాడని, ఆదివారం సెలవని చెప్పింది.

ఆ ఆదివారం వాడే వచ్చాడు. కడగడానికి కాదు, చూడటానికి. ఎడమ తలుపు బీడింగు చూసి, “కొంచిం వంకరగా ఉంది సార్” అన్నాడు. తర్వాత కుడివైపుకు నడిచి నిలబడ్డాడు. “ఇది గూడా లేస్తా ఉంది” అన్నాడు. వేలుపెట్టి చూపించలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గడ్డంతో చూపించాడు.

కుడివైపుది కూడా ఆ ఆయుధపూజ నాడు నేను అంటించినదే. లోపలికి పోయి స్పిరిటు సీసా, టేపు తెచ్చాను. పని మొదలుపెట్టి, బీడింగు ఒక చివర వాడికి అందిస్తూ, “పట్టుకో అప్పా, నాకు కంటికి ఆనడం లేదు” అన్నాను. వాడు కాసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత చేతులు ముందుకు తెచ్చి ప్యాంటుకు తుడుచుకున్నాడు. “స్పిరిటు వేసినాక తుడిచేది లేదు సార్, ఉత్తగా పట్టుకోవాల” అని, పట్టుకున్నాడు.

కుడివైపు బీడింగు నిటారుగా ఉంది. ఎడమది వంకరగానే ఉంది. దాన్ని సరిచేయలేదు.