వానదారిలో పాదరక్ష

పాదాన్ని రక్షించేది పాదరక్ష. ఆ మాటలోనే దాని ధర్మం ఇమిడి ఉన్నది. కాని కంచే చేను మేసినట్లు, రక్షించవలసిన వస్తువే పాదానికి అపకారం చేసిన సందర్భం ఒకటి మా అనుభవంలో ఉన్నది. దానికి కారకులం మేమే. వానలో పరుగెత్తేవారికి ఎటువంటి బూట్లు తగును అన్న విషయం పైకి చాలా చిన్నదిగా కనిపించవచ్చు. ఆ చిన్న విషయంలో మేము చేసిన పెద్ద పొరపాటును దాచకుండా చెప్పుకుంటే, సోదర విద్యార్థులలో కొందరి చీలమండలైనా క్షేమంగా ఉంటాయన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము ఆరుగురం. ముగ్గురం ఉర్దూ మాధ్యమం, ముగ్గురం తెలుగు మాధ్యమం. తరగతి గదులు వేరైనా, తెల్లవారుజామున మమ్మల్ని కలిపేది కర్నూలు–కడప కాలువ గట్టు. వేసవిలో ఆ గట్టు మీద పరుగు సుఖం. వర్షాకాలంలో అదే గట్టు మరొక రూపం ధరిస్తుంది. నల్లరేగడి మట్టి తడిసిందంటే వేసిన అడుగును వదలదు. వదిలినా కొంత మట్టిని కాలికి అంటించి మరీ పంపుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు అన్నారు గాని, పరుగు పందెంలో దిగినవాడికి అడుసు తొక్కక తప్పదు గదా!

మా ఆరుగురిలో వేగవంతుడు పల్లెటూరి రైతుబిడ్డ. అతనికి ఉన్నవి వెలిసిపోయిన ఒక జత కాన్వాసు బూట్లు. వాటి అడుగు అరిగి అరచేయిలా నునుపు దేరింది. 2022 సెప్టెంబరులో అంతర కళాశాలల పది కిలోమీటర్ల క్రాస్‌కంట్రీ పోటీ జరుగనున్నదని తెలియగానే, మిగిలిన ఐదుగురం తలా 500 రూపాయలు వేసుకొని, 2,500 రూపాయలతో అతనికి కొత్త బూట్లు కొని ఆశ్చర్యపరచాలని సంకల్పించాము. అతనికి తెలియకుండా ఆ కాన్వాసు బూటును దారంతో కొలిచాము. దుకాణంలో "నీరు చొరబడదు" అని ముద్రించిన ఒక జత మా కళ్ళను ఆకర్షించింది. దళసరిగా, నిగనిగలాడుతూ ఉన్నది. వానకు ఇంతకంటె తగినది మరొకటి ఉండదని ఐదుగురం ఏకగ్రీవంగా తీర్మానించాము. ధరించవలసిన ఆరవవాడిని మాత్రం అడగలేదు.

పోటీనాడు తెల్లవారినది మొదలు జల్లు ఆగలేదు. మొదటి ఆరుగురికి విశ్వవిద్యాలయ జట్టులో స్థానం. ఏడవ కిలోమీటరు వద్ద మా మిత్రుడు మూడవ స్థానంలో ఉన్నాడు. గట్టు దిగి ఒక వంకలో చీలమండల లోతు నీరు దాటాడు. ఆపై బురద, దాని తరువాత బేతంచెర్ల బండలు పరచిన సందు. ఆ సందు మలుపులో అతని కాలు జారింది. చీలమండ బెణికింది. మేము పరుగున వెళ్ళి లేవదీయబోతే వారించి, కుంటుతూనే గమ్యం చేరాడు. అప్పటికి అతనికంటె ముందు ముప్పది మందికి పైగా చేరి ఉన్నారు. ఆరు వారాల విశ్రాంతి అవసరమని వైద్యులు చెప్పారు. అతడు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

కారణం ఏమిటో తెలుసుకోవాలని ఆ బూట్లను పాతబస్తీలో బూట్లు కుట్టే ఒక వృద్ధుని వద్దకు తీసుకొని వెళ్ళాము. మేమందరం ఆయనను చాచా అని పిలుస్తాము. ఆయన లోపలి అట్టను బయటికి లాగి, దానిపై పడిన వ్రేళ్ళ ముద్రలను వెలుతురులో చూపించాడు. వ్రేళ్ళ కొసలకు, బూటు కొసకు మధ్య రెండు వ్రేళ్ళ ఎడం ఉన్నది. "ఇవి అతని కొలతవి కావు" అన్నాడు. తరువాత విచారిస్తే తెలిసింది: మేము దారంతో కొలిచిన ఆ కాన్వాసు బూట్లు మా మిత్రునివి కావు, అతని అన్నగారివి. ముందు భాగంలో గుడ్డ కుక్కుకొని ఇన్నాళ్ళూ వాటితోనే పరుగెత్తుతూ వచ్చాడు. రెండేళ్ళు ప్రక్కప్రక్కనే పరుగెత్తినా ఆ సంగతి మాకు తెలియదు.

చాచా మందలించలేదు. "పైలే జమీన్ దేఖో, ఫిర్ పాఁవ్ దేఖో, జూతా ఆఖిర్ మే దేఖో" అన్నాడు. ముందు నేలను చూడాలి, పిదప పాదాన్ని చూడాలి, బూటును చివరకు చూడాలి. మేము సరిగ్గా తలక్రిందులుగా చేశాము. ఆ మూడు మాటలను ఆధారం చేసుకొని, తరువాత మేము తెలుసుకున్న విషయాలను ఇక్కడ వివరిస్తాము.

మొదటిది నేల. తడి నేలలన్నీ ఒకటి కావు. బురదలో పట్టు దొరకాలంటే బూటు అడుగున లోతైన పళ్ళు ఉండాలి. అవి ఎడమెడంగా ఉండాలి. దగ్గర దగ్గరగా ఉంటే సందులలో మట్టి మేట వేసి, అడుగు మొత్తం పీటలా చదునైపోతుంది. మా మిత్రుని బూట్లకు జరిగినది ఇదే. బురద నిండిన అడుగుతో నున్నని బండ మీద కాలు మోపితే జారక ఏమవుతుంది? తడిసిన తారు రోడ్డు మీద, బండల మీద ఎత్తైన పళ్ళ వలన ప్రయోజనం తక్కువ. అక్కడ మెత్తని రబ్బరు, నేలను ఎక్కువ మేర తాకే అడుగు కావాలి. అమెరికాలో ఆరిగన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బోవర్‌మన్ 1971లో గళ్ళ రొట్టెలు కాల్చే ఇనుప అచ్చులో రబ్బరు వంటి పదార్థాన్ని పోసి కొత్త రకం బూటు అడుగును ప్రయత్నించాడు. వంటింటి పెనం పాడైనది గాని, నేలను పట్టుకొనే తేలికైన అడుగు లోకానికి లభించింది. ఆయన కూడా ముందు నేలనే చూశాడన్నమాట.

రెండవది పాదం. సాయంకాలానికి పాదం కొంత ఉబ్బుతుంది. కనుక బూట్లను సాయంత్రం పూట, పరుగులో వేసుకొనే మేజోళ్ళతోనే తొడిగి చూడాలి. నిలుచున్నప్పుడు పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ చాలు. మడమ మాత్రం కదలరాదు. వదులు బూటులో తడిసిన పాదం ముందుకు వెనుకకు జారి, మడమ వద్ద, వ్రేళ్ళ వద్ద పొక్కులు లేస్తాయి. మేజోళ్ళ విషయంలోనూ శ్రద్ధ అవసరం. నూలు మేజోళ్ళు నీటిని పీల్చి పట్టుకొని ఉంటాయి. తడిసిన నూలు చర్మాన్ని ఒరుస్తుంది. నైలాను, పాలియెస్టరు వంటి పలుచని మేజోళ్ళు త్వరగా ఆరతాయి.

మూడవది బూటు. నీరు చొరబడని బూటు చెడ్డది కాదు. చలి దేశాలలో, చిరుజల్లులలో, పచ్చిక మీది మంచులో అది మేలు చేస్తుంది. కాని చీలమండను మించిన నీటిలో దిగితే నీరు పైనుండే లోపలికి వస్తుంది. లోపలికి రానివ్వని పొర, బయటికి కూడా పోనివ్వదు. అప్పుడు పరుగెత్తేవాడు రెండు చిన్న కుండలను కాళ్ళకు కట్టుకొని పరుగెత్తినట్లే. మన వంటి వేడి ప్రాంతపు వానకు జాలీ గుడ్డతో చేసిన తేలికైన బూటే శ్రేష్ఠం. అది తడుస్తుంది, నిజమే. పది అడుగులలో నీటిని వెలుపలికి విడిచిపెడుతుంది.

బూట్లే లేకుండా పరుగెత్తరాదా అని మాలో మేము వాదించుకున్నాము. ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960లో రోము మారథానును వట్టి పాదాలతోనే 2 గంటల 15 నిమిషాల 16 సెకండ్లలో గెలిచాడు. 1964 టోక్యోలో బూట్లు తొడిగి, 2 గంటల 12 నిమిషాల 11 సెకండ్లలో మరల గెలిచాడు. మన ఫుట్‌బాల్ వీరులలో అత్యధికులు 1948 లండన్ ఒలింపిక్స్‌లో బూట్లు లేకుండానే ఫ్రాన్సును ఎదుర్కొని, 2–1 తేడాతోనే ఓడారు. 1952లో హెల్సింకీ చలిలో, హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడింది. ఆ పిదప మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయినవి. నేల మారితే పాదరక్ష మారాలన్న చాచా మాటకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

తడిసిన బూట్ల సంరక్షణ మరొక విద్య. లోపలి అట్టలు తీసి, పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి కుక్కాలి. గంటకొకసారి మార్చాలి. నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. త్వర పడి పొయ్యి ప్రక్కన గాని, మండుటెండలో గాని పెడితే జిగురు వదులై అడుగు ఊడిపోతుంది.

2023లో మా మిత్రుడు తన బూట్లను తానే ఎంచుకొన్నాడు. వెల 1,400 రూపాయలు. మేము ఇవ్వబోయిన సొమ్ములో సగమే తీసుకొని, మిగిలినది సెలవులలో సంపాదించి కలిపాడు. ఆ పోటీనాడూ వాన పడింది. అదే వంక, అదే బురద, అవే బండలు. ఈసారి జారలేదు. ఏడవవాడుగా గమ్యం చేరాడు. ఒక్క స్థానంలో జట్టు చేజారినది. మొదటి ఏడాది అతడు నిలిచిన మూడవ స్థానం మా మనస్సులలో నేటికీ మెదలుతూనే ఉంటుంది.

కళాశాల పాలకవర్గం వారికి మాదొక విన్నపం. క్రీడాసామగ్రి గదిలో తడి బూట్లు ఆరబెట్టుకొనేందుకు ఒక చెక్క అరమర, పఠనాలయంలోని పాత పత్రికల కట్ట ఒకటి ఇప్పిస్తే మేలు. పేద విద్యార్థులకు బూట్లు ఇప్పించే ఆలోచన ఎప్పుడైనా కలిగితే, దయచేసి ముందుగా వారిని పిలిచి, కొలత తీసుకొని, ఏ నేల మీద పరుగెత్తుతారో అడిగి ఇప్పించండి. ప్రేమతో ఇచ్చినదైనా, అడగకుండా ఇచ్చినది కొలతకు సరిపోదని మేము నేర్చుకున్నాము.

ఆ మొదటి జత ఏమైనదని మీరు అడుగవచ్చు. మిత్రుని అన్నగారు వాటిని తొడుక్కొని తుంపరలో పొలం గట్ల మీద తిరుగుతున్నారట. ఆయన పాదానికి అవి అచ్చంగా సరిపోయినవట.