ఓడలు రాని రేవుల వెంట

సంక్రాంతికి విశాఖలో మా అక్కగారింటికి వెళ్ళాం. కనుమ దాటాక పిల్లలిద్దర్నీ కారెక్కించుకుని తీరం వెంట ఉత్తరానికి బయల్దేరాం. పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి అయిదు. ఆ వయసు పిల్లల్ని పొద్దున్న లేచింది మొదలు గుడి నుంచి గుడికి, కొండ నుంచి కొండకి తిప్పితే మధ్యాహ్నానికల్లా ఇద్దరూ రాగం తీస్తారు. వాళ్ళకి కావలసింది తవ్వుకోవడానికి ఇసుక, వేళకి అన్నం, ఆ తర్వాత ఓ కునుకు. అందుకే భీమిలి, కళింగపట్నం లాంటి పాత రేవు ఊళ్ళు ఎంచుకున్నాం. ఒకప్పుడు ఓడలతో కిటకిటలాడిన ఊళ్ళివి. వర్తకం వేరే చోటికి తరలిపోయాక విశాలమైన ఇసుక తిన్నెలు, లైటుహౌసులు, జాలరిపేటలు మిగిలాయి.

ఊరు దాటే ముందు ఆర్కే బీచిలో కురుసుర జలాంతర్గామి చూపించాం. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన దీన్ని ఒడ్డుకి లాగి, 2002లో మ్యూజియంగా తెరిచారు. పొడవు తొంభై మీటర్ల పైమాటే గానీ లోపలి దారి ఒక్క మనిషికే సరిపోతుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి దూరాలి. నేనూ మా ఆవిడా నడుం వంచి, తల కాచుకుంటూ ఒకసారి దూరేలోపు మావాడు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దూరుతూ వెనక వాళ్ళందర్నీ ఆపేశాడు. ఇక్కడ స్నానాలు ఎలా చేసేవారని పాప అడిగింది. అన్నీ వివరించి చెబుతున్న పెద్దాయన నవ్వాడు. "తాగే నీళ్ళకే పొదుపు తల్లీ, స్నానం మాటెక్కడిది!" ఆ ఉద్యోగమేదో మావాడికి తెగ నచ్చేసింది.

అక్కణ్ణుంచి భీమిలి దాకా బీచి రోడ్డులో కుడిచేతి వైపు సముద్రం, ఎడమ వైపు కొండలు. రుషికొండ దాటాక తొట్లకొండ ఎక్కి, బౌద్ధ భిక్షువులు నీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్లు చూశాం. ఎక్కువసేపు ఆగింది మాత్రం భీమిలికి కాస్త ఇవతల ఎర్రమట్టి దిబ్బల దగ్గర. పేరుకి మట్టి గానీ ఇది చాలా భాగం ఇసుకే. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసింది. కాలక్రమేణా రేణువులకి ఇనుప తుప్పు పట్టి ఎర్రబడ్డాయి. వానలు కోసిన గాడుల్లో నడుస్తుంటే రెండు పక్కలా ఎర్రటి గోడలు, తలపైన సన్నటి ఆకాశం. జియలాజికల్ సర్వే వారు దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. పాప గోడకి వేలు ఆనించగానే గుప్పెడు ఇసుక జలజలా రాలింది. వేల ఏళ్ళ నాటిది ఎంత సులువుగా రాలిపోతుందో కళ్ళారా చూశాక, గోడలెక్కొద్దని ఇంకోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉంది భీమిలి. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దంలో ఇక్కడ వర్తకం పెట్టారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది, 1861లో పురపాలక సంఘమూ అయింది. రైలు మార్గం విజయనగరం మీదుగా పోవడంతో, ఆపైన 1933లో విశాఖ రేవు తెరవడంతో ఇక్కడికి ఓడలు రావడం మానేశాయి.

ఓడలు లేకపోయినా వలలున్నాయి. పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళేసరికి అలివి వల లాగుతున్నారు. పడవలో వెళ్ళి సముద్రంలో వల చుట్టి వచ్చి, దాని రెండు కొసల తాళ్ళనీ ఒడ్డు నుంచి రెండు జట్లు లాగుతాయి. వల దగ్గరపడే కొద్దీ ఆ జట్లు కూడా ఒకదానికొకటి దగ్గరికి జరుగుతాయి. నోరెళ్ళబెట్టి చూస్తున్న మావాణ్ణి ఒక ముసలాయన పిలిచాడు. "రా బాబూ, నువ్వూ ఓ సెయ్యెయ్యి. నాగు, నాగు!" అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ తాడు పట్టుకున్నారు. గంటసేపటికి వల ఒడ్డెక్కింది. అందులో కవ్వళ్ళు, నాలుగు ఎండ్రకాయలు, గాజులా మెరిసే జెల్లీచేపలు, వీటన్నిటితో పాటు బోలెడు ప్లాస్టిక్ సంచులు. జెల్లీచేపని ముట్టుకోబోయిన పాప చేతిని ఒకామె చటుక్కున వెనక్కి లాగింది, ఒళ్ళంతా దురద పుడుతుందని. తట్టలు నింపుకున్నాక ఆవిడే మావాడి ఇసుక బకెట్లో అయిదారు కవ్వళ్ళు వేసింది. నేను డబ్బులు తీయబోతే, "నాగినోడికి వాటా ఇవ్వాల గదా బాబూ!" అని కసిరింది. మధ్యాహ్నం లాడ్జి వంటాయన వాటిని వేయించి పెట్టాడు. ఇంట్లో చేప అంటేనే మొహం తిప్పుకునేవాడు తన వాటా తాను ముళ్ళు ఏరుకుని మరీ తిన్నాడు.

తగరపువలస దగ్గర హైవే ఎక్కి శ్రీకాకుళం వైపు సాగాం. దారిలో కాల్చిన తేగల కట్టలు కొన్నాం. తేగని రెండుగా చీల్చి లోపలి చందమామని తీసి చూపిస్తే పిల్లలకి అదో ఇంద్రజాలం. మిగతా దారంతా చందమామ ఎవరిదన్న తగువే.

శ్రీకూర్మంలో కూర్మావతారానికి పెద్ద గుడి ఉంది. స్వామి పడమర ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. పిల్లలు మాత్రం గుడి ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ళ దగ్గరే అతుక్కుపోయారు. ఒక తాబేలు ఆకు కొస అందుకుని, నములుతూ ఆగి, మళ్ళీ నములుతూ మొత్తం తినేదాకా మావాడు కదల్లేదు. వాడు అంతసేపు ఒకచోట కూర్చోవడం మేం చూడటం అదే మొదలు.

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో సరుగుడు తోటలు దాటగానే ఇసుకే ఇసుక. ఒక పక్క నది నింపాదిగా వస్తుంటే ఇంకో పక్క అలలు విరుచుకుపడుతుంటాయి. దగ్గర్లోనే శాలిహుండం కొండ. అక్కడి బౌద్ధ అవశేషాల్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. స్తూపాల దగ్గర నిలబడితే వంశధార వంపులు తిరుగుతూ వెళ్ళడం కనిపిస్తుంది. పిల్లలకి స్తూపాలు పట్టలేదు గానీ, ఆ నది చివర నిన్న తాము కట్టిన ఇసుక కోట ఉంటుందంటే చాలాసేపు కళ్ళు చికిలించి వెతికారు.

ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి సంక్రాంతి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఎండ ముదరక ముందే బీచి చూసుకోండి. కళింగపట్నం వైపు బస సౌకర్యాలు తక్కువ, శ్రీకాకుళంలో దిగడం మేలు. ఆ నెలల్లోనే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి కాబట్టి రాత్రిళ్ళు ఇసుక మీద టార్చిలైట్లు వేయకండి. అన్నిటికంటే ముఖ్యం, ఈ తీరంలో నీటి ఈడ్పు ఎక్కువ. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళని అడగందే పిల్లల్ని నీళ్ళలోకి దింపకండి. వాళ్ళు వద్దంటే ఇక వద్దనే లెక్క.