తుస్సుమనే బాంబు, పగిలిన మడమలు

బాంబంటే దీపావళికి పేల్చేదే తెలిసిన ఇంట్లోకి ఈ జనవరిలో ఇంకోరకం బాంబు వచ్చింది. సంక్రాంతికి అమెరికా నుంచి అక్క తెచ్చింది. బాత్ బాంబు అట. బత్తాయికాయంత ఉంది, గుప్పుమని లావెండర్ వాసన. డబ్బా మీద 'పొడి చర్మానికి మాయిశ్చరైజింగ్' అని రాసుంది.

బ్లేజ్‌వాడ అని పేరు తెచ్చుకున్న ఊళ్లో పొడి చర్మమేంటి అంటారా? ధనుర్మాసం చలిగాలి, పొగలు కక్కే వేణ్ణీళ్లు, ఆపైన రోజుకి తొమ్మిది గంటలు ఏసీ. ఇంకేం కావాలి? గోటితో గీస్తే చేతి మీద తెల్లగా ముగ్గు పడుతుంది.

ఏదైనా వాడేముందు డాక్యుమెంటేషన్ చదవడం మన జబ్బు కదా, లేబుల్ చదివాను. వంటసోడా, నిమ్మఉప్పు, రంగు, సెంటు, కాస్త షియా బటర్. సోడా, నిమ్మఉప్పు పొడిగా ఉన్నంతసేపు బుద్ధిగా కూర్చుంటాయి. నీళ్లు తగిలాయా, కార్బన్ డయాక్సైడ్ బుసబుసా పొంగుతుంది. కడుపు ఉబ్బరంగా ఉంటే తాగే ఈనోలో జరిగేదీ ఇదే. 1989లో ఇంగ్లండులో మో కాన్‌స్టంటైన్ అనే ఆవిడ దీన్ని కనిపెట్టారు. ఆవిడకి ఆలోచన ఇచ్చింది కూడా కడుపులో మంటకి నీళ్లలో వేసుకునే బిళ్లేనట! తర్వాత 1995లో మొదలైన లష్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఆవిడ ఒకరు.

మా ఫ్లాటులో టబ్బు లేదు, బకెట్టూ మగ్గూ ఉన్నాయి. బాంబుని సగానికి విరిచి బకెట్లో వేశా. రెండు నిమిషాలు తుస్సుమని నీళ్లు ఊదారంగులోకి మారాయి. పోసుకుంటే బాగానే ఉంది, ఒళ్లు నున్నగా అనిపించింది. బకెట్ అంచుకి కూడా జిడ్డు వలయం అంటుకుంది. అంటే పనిచేసింది బుడగలు కాదు, ఆ కాస్త కొవ్వు. మిగతాదంతా యూజర్ ఇంటర్‌ఫేస్ అన్నమాట :) మధ్యాహ్నం ఏసీలో కూర్చునేసరికి చెయ్యి మళ్లీ మామూలే.

అంతటితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. మిగిలిన సగం చూసి అమ్మ, "ఒరేయ్, దీన్ని బేసిన్‌లో వేసి మీ నాన్నగారి కాళ్లు ఓ అరగంట నానబెడదాం, మడమలు ఎలా పగిలాయో చూడు" అంది. నాన్నకి పన్నెండేళ్లుగా షుగర్. నేను వద్దన్నాను. "ఏరా, అరిగిపోతుందా నీ బాంబు?" అని నాన్న నిష్ఠూరమాడారు.

విషయం పిసినారితనం కాదు. షుగర్ వల్ల కాళ్ల నరాలు దెబ్బతింటే రెండు జరుగుతాయి. స్పర్శ తగ్గుతుంది. చెమట పట్టడం కూడా తగ్గి చర్మం ఎండి పగులుతుంది. ఆ పగుళ్లలోంచి సూక్ష్మజీవులు దూరినా నొప్పి తెలీదు, పుండయ్యాకే తెలుస్తుంది. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కూడా ఆ కాళ్లు చెప్పలేవు. పైగా ఎక్కువసేపు నానిన చర్మం ఆరాక ఇంకా ఎండిపోతుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లు కాళ్లు నానబెట్టుకోవద్దని డాక్టర్లు చెప్తారు. అంటే ఆ డబ్బా మీది మాట ఎవరికి ఎక్కువ ఆశ పుట్టిస్తుందో, వాళ్లే దాన్లో కాళ్లు పెట్టకూడదు.

మరేం చెయ్యాలి? గోరువెచ్చటి నీళ్లతో గబగబా కడిగి, మెత్తటి తువ్వాలుతో అద్ది, చర్మం పూర్తిగా ఆరకముందే వాజిలీనో, మంచి క్రీమో రాయాలి. వేళ్ల సందుల్లో మాత్రం రాయకూడదు, తడి నిలిచి ఫంగస్ పడుతుంది. రోజూ అరికాళ్లు చూసుకోవాలి. వంగలేకపోతే ఇంకొకళ్లు చూడాలి.

భోగినాటి తలంటుకి పట్టించే నువ్వులనూనె సంగతేంటని అమ్మ అడిగింది. ఒంటికి మంచిదే. అక్కడా పనిచేసేది నూనే కదా! సున్నిపిండి సబ్బు కాదు కాబట్టి నాగాయలంక వైపు ఉప్పబోరు నీళ్లలో, సబ్బు నురగ రాని చోట కూడా పనికొస్తుంది. అలాగని 'మన పెద్దలకి అన్నీ ముందే తెలుసు' అనే వాట్సాప్ ఫార్వర్డ్ కాదిది. ఏడాదికో తలంటు మడమల్ని కాపాడదు. రోజూ రాయాలి, అంతే.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక నాన్న కాళ్లకి వాజిలీన్ రాయడం నా డ్యూటీ. మొదట్లో మొహమాటపడి కాళ్లు వెనక్కి లాక్కునేవారు. రెండోవారంలో కుడి మడమ పక్కన ఓ చిన్న గాటు కనపడింది, కాస్త ఎర్రగా. ఎప్పుడు తగిలిందో ఆయనకే తెలీదు. మర్నాడే డాక్టరుకి చూపించాం, కట్టు కట్టి మందులిచ్చారు, మూడు వారాల్లో మానింది. ఆ తర్వాత ఆయనే కుర్చీ లాక్కుని కూర్చుని "రారా, నీ కాల్ అయిందా?" అని పిలుస్తున్నారు.

హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, న్యూజెర్సీలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒక్క మాట. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే, ఈసారి ఫోన్లో 'భోంచేశారా' అన్నాక 'ఇవాళ కాళ్లు చూసుకున్నారా' అని కూడా అడగండి.