టిక్కెట్టు చేతికి వచ్చేదాకా

మన ఇళ్ళలో ప్రయాణం అనగానే కొన్ని పనులు ఆడవారివి, కొన్ని మగవారివి అని ఎప్పుడో పంచేసుకున్నాము. పులిహోర కలపడం, బట్టలు సర్దడం, మంచినీళ్ళ సీసాలు నింపడం మన వంతు. టిక్కెట్టు తీయడం మాత్రం ఇంటి యజమాని వంతు. మా ఇంట్లో 38 సంవత్సరాలు ఇదే పద్ధతి నడిచింది.

మావారు హైస్కూలు ఉపాధ్యాయులు. ప్రయాణం ఉందంటే చాలు, తెనాలి స్టేషనులో రిజర్వేషను కౌంటరు తెరవక ముందే వెళ్ళి వరుసలో నిలబడేవారు. ఫారం మీద బండి నంబరు, పేర్లు, వయస్సులు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, నాకు కింది బెర్తు కావాలని తప్పకుండా గుర్తు పెట్టేవారు. తెచ్చిన టిక్కెట్టును తన బైబిలులో 121వ కీర్తన దగ్గర ఉంచేవారు. అది యాత్రికుల కీర్తన గనుక టిక్కెట్టుకు తగిన చోటు అదేనని నవ్వుతూ అనేవారు. కుటుంబ ప్రార్థన కూడా అంతే. వాక్యం ఆయనే చదివేవారు, ప్రార్థన ఆయనే చేసేవారు. నేనూ పిల్లలూ చివర ఆమేన్ అనేవాళ్ళం.

2019లో వైద్యం కోసం వేలూరు వెళ్ళినప్పుడు కూడా రానూ పోనూ టిక్కెట్లు ఆయనే తీశారు. తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందే ప్రభువు ఆయనను తన సన్నిధికి పిలుచుకున్నారు. ఆ టిక్కెట్టు ఇప్పటికీ ఆ కీర్తన దగ్గరే ఉంది. కొన్ని నెలల తరువాత దానిని చేతిలోకి తీసుకుని చూశాను. అందులో పెట్టె నంబరు ఏదో, బెర్తు నంబరు ఏదో నాకు అర్థం కాలేదు. అన్ని ప్రయాణాలు చేసిన దానినే గాని, ఒక్క టిక్కెట్టు కూడా చదివిన దానిని కాను.

ఈలోగా టిక్కెట్ల లోకమే మారిపోయింది. మన దేశంలో 2002 ఆగస్టు 3న ఇంటర్నెట్టులో రైలు టిక్కెట్లు అమ్మడం మొదలైంది. మొదట్లో ఇంటి దగ్గర కంప్యూటరులో కొంటే, టిక్కెట్టు కొరియరులో వచ్చేది. 2005లో ఈ-టిక్కెట్లు వచ్చాయి. ఇప్పుడు ఫోనులో ఉన్న సందేశమే టిక్కెట్టు. మావారి తరువాత ఆ పని మా అబ్బాయి చూసుకున్నాడు. టిక్కెట్టు తీసే చేయి మారింది గాని, నా చేతికి పని రాలేదు.

2023 అక్టోబరులో నేను లండనులో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. మా అమ్మాయి కుటుంబం ఉండేది న్యూకాజిల్‌లో. అది లండనుకు ఉత్తరాన రైలులో సుమారు 3 గంటల దూరం. అమ్మాయికి రెండవ కాన్పు. నెల నిండడానికి ఇంకా మూడు వారాలుంది, అందరం కలిసి వెళ్దాం అనుకున్నాము. ఒక మంగళవారం తెల్లవారకుండానే అల్లుడు ఫోను చేశాడు. నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాము, నాలుగేళ్ళ పెద్దపాపను పక్కింటివారి దగ్గర వదిలాము అని చెప్పాడు. మా అబ్బాయి అప్పటికే డ్యూటీలో ఉన్నాడు, వదిలి రావడానికి వీలు లేదు. కోడలి చంకలో జ్వరంతో ఉన్న పసివాడు. ఇక మిగిలింది నేనే.

అబ్బాయి డ్యూటీలో నుండే 11 గంటల బండికి టిక్కెట్టు కొన్నాడు. ఆ దేశంలో ఇంటర్నెట్టులో కొన్నప్పుడు టిక్కెట్టును ఫోనులోకి తెప్పించుకోవచ్చు, లేదా స్టేషనులోని యంత్రం దగ్గర కాగితం రూపంలో తీసుకోవచ్చు. నా ఫోను మాట్లాడుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు గనుక వాడు రెండవదే ఎంచుకున్నాడు. అక్షరాలూ అంకెలూ కలిసిన 8 గుర్తుల సంకేతం ఒకటి చెబితే కాగితం మీద రాసుకున్నాను. యంత్రానికి ఒక బ్యాంకు కార్డు కూడా చూపాలి. కొన్ని సంస్థల దగ్గర కొన్న కార్డే కావాలంటారు, మేము కొన్న చోట ఏ కార్డైనా సరిపోతుంది. కోడలు తన కార్డు నా చేతిలో పెట్టింది.

"అత్తయ్యా, డబ్బు కట్టేశాము. సీటు కూడా మీకే ఉంది. కానీ ఆ కాగితం తీసుకోకుండా మాత్రం బండి ఎక్కకండి. ఈ సంకేతం టిక్కెట్టు కాదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. తక్కువ ధరకు దొరికే అడ్వాన్స్ టిక్కెట్టు ఆ ఒక్క బండికే చెల్లుతుంది. ఇంగ్లండులో చాలా రైళ్ళలో టిక్కెట్టు లేకుండా పట్టుబడితే 2023 జనవరి 23 నుండి ఛార్జీ కాక 100 పౌండ్ల జరిమానా పెట్టారు. ఆ భయం కంటే, ఆ బండి తప్పితే అమ్మాయి దగ్గరకు ఎప్పుడు చేరతానో అన్న దిగులే నాకు ఎక్కువైంది.

కింగ్స్ క్రాస్ స్టేషనులో టాక్సీ దిగేసరికి పదిన్నర. యంత్రాల ముందు జనం. నా వంతు వచ్చింది. అద్దం మీద కొన్న టిక్కెట్లు తీసుకునే మీటను వెదికి వేలితో నొక్కాను. కార్డు పెట్టి తీయమంది, తీశాను. పిన్ నంబరు అడగలేదు. సంకేతం కొట్టమంది. ఒక్కొక్క అక్షరం కోసం వెదుకుతూ ఉండగానే యంత్రం విసిగినట్టు మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళిపోయింది. వెనుక పెద్ద వరుస. గడియారం పది నలభై దాటింది. ఆ క్షణాన నాకు మావారి మీద కోపం వచ్చింది. నన్ను ఇంత అపురూపంగా ఎందుకు చూసుకున్నారు అని.

నాకు వచ్చిన కొద్ది ఇంగ్లీషులో, దగ్గరలో ఉన్న రైల్వే ఉద్యోగినిని సాయం అడిగాను. ఆమె వచ్చి పక్కన నిలబడింది గాని, తాను నొక్కలేదు. తొందర పడవద్దని సైగ చేసి, నా చేతే ఎనిమిదింటినీ కొట్టించింది. లోపల ఏదో కదిలిన శబ్దం వచ్చి, కింద తొట్టిలో ఒక చిన్న అట్టముక్క పడింది. అది పట్టుకుని వెళ్ళబోతుంటే ఆమె ఆపింది. ఇంకొకటి పడింది. రెండూ ఒకే కొలత, రెంటికీ అదే నారింజరంగు అంచు. మొదటిది టిక్కెట్టు. రెండవది రసీదు, దాని మీద ప్రయాణానికి చెల్లదు అని అచ్చువేసి ఉంది. గేటు దగ్గర టిక్కెట్టు పెట్టగానే తలుపులు తెరుచుకున్నాయి.

దారిలో డర్హాము దగ్గర కొండ మీది పెద్ద దేవాలయం కనిపించింది. 1093లో కట్టడం మొదలుపెట్టిన ఆ గోపురాలను చూస్తూ, లోలోపల ప్రభువును వేడుకోవడం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. రెండు గంటలు దాటాక ఇల్లు చేరి పెద్దపాపను ఒడిలోకి తీసుకున్నాను. సాయంత్రం అల్లుడు ఫోను చేశాడు. గొంతు వణుకుతోంది. "అత్తయ్యగారూ, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందంటున్నారు. ఆపరేషనుకు తీసుకువెళ్తున్నారు. ప్రార్థన చేయండి" అన్నాడు. పైకి ప్రార్థన చేయడానికి ఆయన లేరు. ఆ ఫోనులోనే నేను నోరు తెరిచాను. పదాలు తడబడ్డాయి. అవతల అల్లుడు ఆమేన్ అన్నాడు, నా ఒడిలో పాప కూడా అంది. ఆ రాత్రి తొమ్మిది గంటలకు మనుమరాలు పుట్టింది. దేవుని కృపను బట్టి తల్లీబిడ్డా క్షేమం.

ప్రియ సహోదరీ, ఆ రోజు నుండి ఆ రెండు అట్టముక్కల సంగతి ఆలోచిస్తూ ఉంటాను. వెల నేను చెల్లించలేదు. నా కొరకు మరొకరు చెల్లించారు. అయినా దానిని అందుకోవలసిన చేయి నాది. కల్వరిలో మన రక్షణకు వెల సంపూర్ణంగా చెల్లించబడింది. అందులో మనం కలపవలసినది ఏమీ లేదు. కానీ దానిని విశ్వాసంతో అందుకోవడం ఒకరి బదులు మరొకరు చేసే పని కాదు. తండ్రిగారి భక్తి, భర్తగారి ప్రార్థన, సంఘపు పుస్తకంలో మన ఇంటి పేరు ఇవన్నీ విలువైనవే. చూడటానికి టిక్కెట్టులాగే ఉంటాయి. కానీ అవి రసీదులు.

సహోదరులారా, మీకు ఒక మనవి. భార్యను, తల్లిని కష్టపడనీయకుండా చూసుకోవడం ప్రేమే. వారికి పని నేర్పడం కూడా ప్రేమే. వచ్చే ప్రయాణానికి మీరు పక్కన నిలబడి, వారి చేత టిక్కెట్టు తీయించండి. 10 అంకెల పి.ఎన్.ఆర్. నంబరు, పెట్టె, బెర్తు ఒక కాగితం మీద రాయించండి. ఫోను ఆగిపోయినా కాగితం ఆగదు. గుర్తింపు కార్డు వారి సంచీలోనే ఉంచండి. ఇంటర్నెట్టులో కొన్న టిక్కెట్టు చార్టు తయారైన తరువాత కూడా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే దానంతటదే రద్దయి డబ్బు తిరిగి వస్తుందనీ, దానితో బండి ఎక్కకూడదనీ చెప్పండి. సందేహం వస్తే అడగడానికి 139 నంబరు నేర్పండి.

అలాగే ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఒక పూట మీరు మౌనంగా ఉండి, ఆమెను ప్రార్థించమనండి. మొదట మాటలు తడబడతాయి. తొందరపెట్టకండి, ఆమె బదులు మీరు పూర్తి చేయకండి. చివర ఆమేన్ అనండి, చాలు.