పాడేరులో శుక్రవారం

మిగతా జిల్లాల్లో కలెక్టరుకు అర్జీలిచ్చే రోజంటే సోమవారమే గుర్తొస్తుంది. పాడేరులో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసు ముందు జనం బారులు తీరేది శుక్రవారం. సంత కూడా ఆ రోజే. పసుపు, పిప్పళ్లు, కొండచీపుర్లు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లే జాకెట్టులోనో, చొక్కా జేబులోనో అర్జీ కాగితం మడిచి తెచ్చుకుంటారు. ఒక్క ప్రయాణంతో రెండు పనులు. జనం ఎప్పుడొస్తారో చూసుకుని ఆఫీసు తలుపు తెరవడంలో ఉన్న ఇంగితం నాకు చాలా ఇష్టం.

మాడుగుల దాటి ఘాట్ ఎక్కేటప్పుడు మోదకొండమ్మ అమ్మవారి పాదాల దగ్గర డ్రైవర్లు బండి ఆపి దండం పెట్టుకుంటారు. మలుపు మలుపుకీ గాలి చల్లబడుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. చలికాలమైతే వలిసె పూలతో వాలులన్నీ పసుపు పచ్చగా కనిపిస్తాయి. పైకి చేరితే కొండల నడుమ చిన్న ఊరు. బస్టాండు, అమ్మవారి గుడి, ఆస్పత్రి, ఆఫీసులు, హాస్టళ్లు అన్నీ నడిచి తిరగొచ్చు.

సంతలో గొంతుల్ని వినాలి. తెలుగు, ఆదివాసీ ఒరియా, కువి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వినిపిస్తాయి. చోళ్లు, సామలు, రాజ్‌మా, చింతపండు, అడ్డాకుల కట్టలు. కింది నుంచి వచ్చిన వ్యాపారి కొలిచేటప్పుడు అమ్మే మనిషి కళ్లు కొలత మీంచి కదలవు. ఆ చూపు వెనక తరాల అనుభవం ఉంది. దళారుల చేతుల్లో మన్యం నష్టపోకూడదనే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అయినా తూకం దగ్గర జాగ్రత్త తగ్గలేదు, తగ్గకూడదు కూడా.

ఇక అర్జీలు. చదువు రానివాళ్లకు రాసిపెట్టేవాళ్లు ఉంటారు. పోడు పట్టా, ఊరికి రోడ్డు, తాగునీళ్లు, పిల్లాడి ఆధార్. ఆధార్‌కు జనన ధ్రువపత్రం కావాలి. ఇంట్లో పుట్టిన బిడ్డకు చాలాసార్లు అది ఉండదు. అది లేదని ఆధార్ లేదు, ఆధార్ లేదని ఇంకొకటి లేదు. రోడ్డు లేని ఊళ్లలో నొప్పులొచ్చిన ఆడమనిషిని ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నారు. అలాంటి ఊరి నుంచి వచ్చిన మనిషికి "మళ్లీ వారం రా" అన్న మాట ఎంత బరువో బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లు తెలుసుకోవాలి.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమైంది. అంతకుముందు జిల్లా స్థాయి పనేదైనా ఉంటే ఘాట్ దిగి, వంద కిలోమీటర్లు దాటి విశాఖపట్నం పోవాల్సిందే. దిగి, పని చూసుకుని, మళ్లీ కొండెక్కేసరికి కూలి పోయేది, డబ్బు పోయేది. కలెక్టరు కొండమీదే ఉండటం గొప్ప మార్పని నేను నమ్ముతాను. మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. ఇకనైనా స్పెషలిస్టు డాక్టర్లు ఇక్కడ నిలబడాలని, వైద్యం కోసం ఘాట్ దిగే అంబులెన్సులు తగ్గాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మధ్యాహ్నం దాటగానే సంత సర్దుకుంటుంది, జీపులు బయల్దేరతాయి. సరుకు అమ్ముడైనా అర్జీ వరస ఇంకా కదలనివాళ్లు ఒక కన్ను జీపు మీద, ఒక కన్ను ఆఫీసు గుమ్మం మీద వేసి నిలబడి ఉంటారు. జీపు వెళ్లిపోతే రాత్రి ఎక్కడ తలదాచుకోవాలన్నది పెద్ద బెంగ. వచ్చిన వరసలోనే పిలవడం న్యాయమే. కానీ ఇక్కడ ఇంకో న్యాయం కూడా ఉండాలి. దూరాన ఉన్న ముంచంగిపుట్టు, పెదబయలు అవతలి ఊళ్లవాళ్లను ముందు పిలవండి.